సెకనులో ముప్పయ్యో వంతు

అక్కకి బి వచ్చింది. మూడుసార్లు ఆడనిచ్చారు, మూడుసార్లూ బి నే.

ఆ కబురు ఫోన్లో వినేటప్పటికి పానా డాన్స్ మిషన్ కింద మోచేతుల దాకా చేతులు దూర్చి, పలకల సందుల్లో ఇరుక్కున్న జడపిన్నులూ చొక్కా గుండీలూ ఏరుతున్నాడు. ప్యాంటు వెనక జేబులో ఎప్పుడూ ఒక పానా పొడుచుకుని కనపడుతుంది కాబట్టి ఆ గేముల హాల్లో చిన్నా పెద్దా అందరికీ అతను పానాయే. అసలు పేరు హాజరు పట్టీకి తెలుసు, అక్కకి తెలుసు. ముప్పై అయిదేళ్లకే మోకాళ్లు అరవై ఏళ్ల మనిషి మోకాళ్లయిపోయాయి. రోజుకి పన్నెండు మిషన్ల ముందు మోకరిల్లే ఉద్యోగం మరి. దేవుడి ముందు అన్నిసార్లు మోకరిల్లి ఉంటే ఈపాటికి ఆయనే మొహమాటపడి ఏదో ఒకటి ఇచ్చి పంపేవాడు.

“బి రా,” అంది అక్క. “మూడుసార్లూ.”

“ఏ పాటకి?”

“మనం రోజూ ఆడేదే. అదే లెవెలు. మన దగ్గర డబుల్ ఏ తప్ప రాదు కదా నాకు. సరేలే, షిఫ్టుకి టైమవుతోంది.”

పెట్టేసింది. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పొచ్చు, తిడితే పడొచ్చు. అంత మామూలుగా మాట్లాడితే ఏం చేయాలి?

ఆ మిషన్ సంగతి తెలియనివాళ్లకి ఇదంతా చిన్నపిల్లల గోలలా ఉంటుంది. నిజానికి ఆట చాలా సులువు, ఆడటమే కష్టం. కాళ్ల కింద పలక మీద నాలుగు బాణాలుంటాయి, ముందుకీ వెనక్కీ కుడికీ ఎడమకీ. పాట మొదలవగానే తెర మీద కిందనుంచి బాణాలు పైకి లేస్తుంటాయి. పైన బూడిదరంగు గుర్తులు నాలుగు కదలకుండా నిలబడి ఉంటాయి. లేచిన బాణం ఆ గుర్తు మీద సరిగ్గా కూర్చున్న క్షణానికి కాలు పలక మీద పడాలి. సరిగ్గా పడితే పర్ఫెక్ట్, రెండు పాయింట్లు. కాస్త ముందో వెనకో పడితే గ్రేట్, ఒక పాయింటు. ఇంకాస్త తేడా వస్తే గుడ్. ఆ పేరు చూసి మురిసిపోకూడదు, దానికి వచ్చేది సున్నా. మిస్ అయితే ఉన్నవి కూడా ఊడతాయి. పాట అయ్యాక లెక్కగట్టి నూటికి తొంభై మూడు దాటితే డబుల్ ఏ, ఎనభై దాటితే ఏ, అరవై అయిదు దాటితే బి. ఎంత ఒళ్లు హూనం చేసుకున్నావు, పొద్దున్న ఏమైనా తిన్నావా అని మిషన్ అడగదు. కాలు ఎప్పుడు పడిందన్న ఒక్క సంగతే దానికి కావాలి. లోకంలో ఇంత పక్షపాతం లేని వస్తువు ఇంకోటి లేదని పానా పదిమందితో అనేవాడు కూడా.

అక్కకి నలభై మూడేళ్లు. పెద్దాసుపత్రి లాండ్రీలో పని. దుప్పట్లు, గౌన్లు, ఆపరేషన్ గది గుడ్డలు, అన్నీ ఆవిడ చేతుల మీదుగానే ఉడికి, ఆరి, మడతలు పడతాయి. ఆ ఆవిరీ ఆ బ్లీచింగ్ ఘాటూ కలిసి రెండేళ్లుగా దగ్గు పట్టుకుంది. ఆ గాలి మానితే గానీ ఈ దగ్గు మానదని డాక్టరు తేల్చి చెప్పాడు. చెప్పడం ఎంతసేపు? మానితే తినేదేమిటన్నది ఆయన చీటీలో రాయలేదు.

అలాంటి సమయంలో నెత్తిన పాలు పోసినట్టు ఈ కబురు వచ్చింది. ఊరి అవతల కొత్తగా పెట్టిన ఫిట్‌నెస్ సెంటరు వాళ్లు ఆరు డాన్స్ మిషన్లు కొన్నారు. ఆడవాళ్ల బ్యాచికి పక్కన నిలబడి అడుగులు వేసి చూపించే మనిషి కావాలి. చదువుతో పనిలేదు, వయసుతో పనిలేదు. వాళ్లిచ్చిన పాటకి, వాళ్ల మిషన్ మీద, మూడుసార్లలో ఒక్కసారి డబుల్ ఏ వస్తే చాలు. అక్కకి హాల్లో రోజూ వచ్చే గ్రేడు అది. మధ్యాహ్నం ఒంటిగంటకి హాలు ఈగలు తోలుకుంటూ ఉంటుంది. రోజుకోసారి పలకలు పరీక్షించాలి కాబట్టి పానా ఆరేళ్లుగా ఆ పని అక్క చేత చేయిస్తున్నాడు. రెండింటి షిఫ్టుకి ఒంటిగంటా నలభైకల్లా లాండ్రీ గేటు దగ్గర ఉండేది కాబట్టి, రెండు పాటలు, ఒక్కోసారి మూడు. ఆ అరగంటలో మాత్రం అక్క దగ్గేది కాదు.

మర్నాడు ఒంటిగంటకి అక్క వచ్చింది. సంచీ పక్కన పెట్టి, చెప్పులు వదిలి, పలక ఎక్కి అదే పాట పెట్టింది. తొంభై ఏడు. డబుల్ ఏ.

“చూశావా,” అంది ఆయాసపడుతూ. “ఇక్కడ వస్తుంది.”

“అక్కడ జనాన్ని చూసి కాళ్లు వణికాయేమో.”

“వణకలేదు. ఎప్పుడూ వేసినట్టే వేశాను. వేసిన ప్రతి అడుగూ సరిగ్గా పడిందనే అనుకున్నాను. తెర మీద చూస్తే గ్రేట్, గ్రేట్ అని పడుతోంది.” సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. “ఇదిగో, ఇది ఇచ్చారు. నాకేం అర్థం కాలేదు.”

వాళ్ల కొత్త మిషన్లు ఆడినవాళ్ల జాతకమంతా కాగితం మీద అచ్చువేసి ఇస్తాయి. పానా చదివాడు. మొత్తం అడుగులు నాలుగు వందలు. పర్ఫెక్ట్ రెండు వందల నాలుగు, గ్రేట్ నూట తొంభై ఒకటి, గుడ్ అయిదు. మిస్ ఒక్కటీ లేదు. కింద ఇంకో వరుస ఉంది. క్షణం కంటే ముందు పడినవి మూడు వందల తొంభై నాలుగు. వెనక పడినవి ఆరు. సగటు తేడా, సెకనులో వెయ్యోవంతులు ముప్పై. అంటే సుమారు ముప్పయ్యో వంతు.

పానా కాగితం మడిచి మిషన్ వెనక తలుపు వైపు చూశాడు.

ఆరేళ్ల కిందట ఈ హాల్లో మిషన్ పాత డబ్బా తెర కాలిపోతే ఓనరు పలచటి కొత్త తెర పెట్టించాడు. కొత్త తెర పెడితే బొమ్మకీ పాటకీ పొత్తు కాస్త తప్పుతుంది. ఆ తేడాని సరిచేయడానికి మిషన్ వెనక తలుపు తాళం తీసి, ఆడేవాళ్లకి కనపడని పేజీలోకి వెళ్లి, ఒక అంకె మార్చాలి. అడుగుని ఏ క్షణంలో లెక్కపెట్టాలో మిషన్‌కి చెప్పే అంకె అది. దాన్ని కొలవడానికి ఒక పెట్టె ఉంటుంది. హాలుకి ఆ పెట్టె లేదు. పెట్టె లేనిచోట మెకానిక్కులందరూ చేసే పని ఒకటే: తప్పడుగు వేయని మనిషినొకర్ని ఎక్కించి, ఆ మనిషికి పర్ఫెక్ట్‌లు పడేదాకా అంకెని జరుపుకుంటూ పోవడం. పానాకి తెలిసి భూమ్మీద తప్పడుగు వేయని మనిషి ఒక్కతే. ఆవిణ్ణే ఎక్కించాడు. అంకె, వెయ్యోవంతుల లెక్కలో, ముప్పై మూడు దగ్గర ఆగింది. అలాగే వదిలేశాడు.

“తప్పు నీది కాదక్కా,” అన్నాడు. “మిషన్‌ది. మిషన్‌దంటే నాది. స్క్రీను మార్చినప్పుడు లెక్క ఎక్కువ పెట్టేశానేమో. నువ్వు ఆరేళ్లుగా తప్పు లెక్కకి అలవాటు పడ్డావు.”

అక్క అతని మొహంలోకి చూసింది. కోపం లేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

“ఆరేళ్లు,” అంది. “రోజూ డబుల్ ఏ డబుల్ ఏ అని సంబరపడ్డాను రా.” చెప్పులు వేసుకుని, సంచీ తీసుకుని లాండ్రీకి వెళ్లిపోయింది. ఇంకా ఒంటిగంటా పావే అయింది.

*

ఫిట్‌నెస్ సెంటరు మేడం ఒక బూటు విప్పి, పాదం తొడ మీద పెట్టుకుని నొక్కుకుంటోంది. మెడలో ఈల. పానా లోపలికి రాగానే పాదం దించలేదు. అది పానాకి నచ్చింది, తనలాంటి మనిషే.

“ఎవరు మీరు?”

“నిన్న బి వచ్చిన లాండ్రీ ఆవిడ తమ్ముణ్ణండి. మెకానిక్‌ని.”

“సిఫార్సా?”

“కాదండి. నేరం ఒప్పుకుందామని వచ్చాను.”

మేడం అప్పుడు పాదం దించింది. పానా తెర సంగతీ అంకె సంగతీ దాచకుండా చెప్పాడు. ఆవిడ కంప్యూటర్లో అక్క కాగితం తీసి చూసింది. తెర మీద నాలుగు వందల చుక్కలు. దాదాపు అన్నీ గీతకి ఎడమవైపు, చీమలబారులా ఒకే దూరంలో.

“నిన్నొక్కరోజే ముప్పై ఒక్క మందిని చూశాను,” అంది. “తప్పులు చేసేవాళ్లు రకరకాలుగా చేస్తారు. ఓ అడుగు ముందు, ఓ అడుగు వెనక, అలిసిపోతే ఇంకో రకం. ఈవిడ మొదటి అడుగు నుంచి ఆఖరి అడుగు దాకా ఒకే తప్పు ఒకే కొలతలో చేసింది. పర్ఫెక్ట్ అంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడే. అందుకే సగం ఇటు పడ్డాయి, సగం అటు పడ్డాయి. ఇలాంటి కాళ్లు నేను చూళ్లేదు.”

“అయితే ఇచ్చెయ్యండి మరి.”

“ఎలా ఇస్తానండీ? ఆవిడ కాళ్లు చూసే కదా ముప్పైమంది నేర్చుకోవాలి. అందరూ ముందే అడుగేస్తారు.” మేడం క్యాలెండరు వైపు చూసింది. “పది రోజులాగి మళ్లీ రమ్మనండి. పొద్దున్న తొమ్మిదింటికి. మళ్లీ మూడుసార్లు. ఈలోగా మీ మిషన్ సరిచేసుకోండి.” సొరుగులోంచి అరచేతిలో పట్టేంత పెట్టె తీసి ఇచ్చింది. “దీంతో కొలవండి. మనుషుల్ని పెట్టి కొలవకండి.”

పానా ఆ పెట్టెని చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఇంతకాలానికి ఒక పని సక్రమంగా చేస్తున్నానన్న తృప్తి దారంతా ఉంది. మర్నాడు పొద్దున్న హాలు తెరిచేలోపు పెట్టెని తెరకి ఆనించి, రెండో వైరు స్పీకరుకి తగిలించి, కొలిచాడు. మూడు అని చూపించింది. నమ్మలేదు. వైర్లు మార్చి తగిలించాడు. మూడే. అయిదుసార్లు కొలిచాడు, అయిదుసార్లూ మూడే.

కొత్త తెర తెచ్చిన తేడా మూడు. తను పెట్టిన అంకె ముప్పై మూడు. మిగతా ముప్పై ఎక్కడిది?

పలక అంచున కూలబడ్డాడు. మోకాళ్లు ఈసారి ఏమీ అనలేదు. ఆ ముప్పై అక్కది. మిషన్ అక్కకి తప్పు నేర్పలేదు. అక్క అప్పటికే ముందు అడుగు వేస్తోంది, తనే మిషన్‌ని తీసుకెళ్లి అక్క కాళ్ల దగ్గర పెట్టాడు. ఆ తర్వాత ఆరేళ్లుగా ఈ హాలుకి వచ్చిన ప్రతివాడూ గ్రేడు కోసం అక్క తొందరని నేర్చుకున్నాడు. హాలు హాలంతా అక్క కాళ్ల లెక్కనే నడిచింది.

అమ్మ పోయినప్పుడు అక్కకి పదిహేనేళ్లు, అతనికి ఏడు. అక్క బడి మానేసి లాండ్రీలో చేరింది. అక్కడ బజరు మోగగానే గేటు మూసేస్తారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ రోజుకి పనిలేదు, ఇంటికి పొమ్మంటారు. మొదటి వారంలో ఒకసారి అలా పంపేశారు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదని పానాకి గుర్తుంది. రెండోసారి మాత్రం ఎప్పుడూ జరగలేదు. అలారం మోగకముందే లేచేది. అతన్నీ లేపేది. ఇంకా తాళం తీయని స్కూలు గేటు ముందు అతన్ని దించి పరుగెత్తేది. ఏడో తరగతి దాకా స్కూలు వాచ్‌మన్ మొహం రోజూ అందరికంటే ముందు చూసింది అతనే. సమయపాలన అంటే ఇదీ అని టీచరు క్లాసులో మెచ్చుకునేది. అది సమయపాలన కాదు, భయం. ఆ భయం ఇరవై ఎనిమిదేళ్లుగా అక్క కాళ్లలోనే ఉంది. దాన్నే తను తెచ్చి మిషన్‌లో అంకెగా బిగించాడు. ఎంత గొప్ప మెకానిక్కో తను!

అంకెని మూడుకి మార్చి తలుపు తాళం వేశాడు. అక్కకి ఏం చెప్పాలన్నది మాత్రం తేలలేదు. తప్పు నీ కాళ్లలోనే ఉందక్కా, అదీ నన్ను పెంచడం వల్ల వచ్చిందక్కా అని ఏ నోటితో చెప్తాడు? మధ్యాహ్నం ఆవిడ రాగానే, “స్క్రీనే. సరిచేశాను,” అన్నాడు.

*

సరిచేసిన మిషన్ మీద అక్కకి బి వచ్చింది. రెండో రోజూ బి. మూడో రోజు కూడా.

హాల్లో రోజూ ఆడేవాళ్లు గగ్గోలెత్తిపోయారు. కాలేజీ కుర్రాళ్లు మిషన్ పాడైపోయిందని ఓనరుకి ఫిర్యాదు చేశారు. ఎప్పుడూ ఏ తప్ప ఎరగని ఒక బ్యాంకు గుమాస్తాకి సి వచ్చేసరికి ఆయన పలక దిగి బూట్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. అప్పుడే మొదటిసారి ఎక్కిన స్కూలు పిల్ల ఒకతి మాత్రం గంతులేస్తూ ఏ కొట్టేసింది. ఓనరు పానాని పిలిచి, “బాగున్నదాన్ని ఎందుకు బాగుచేశావయ్యా?” అని నిలదీశాడు.

అక్క మాత్రం విడవలేదు. కళ్లు మూసుకుని పాట విని వేసి చూసింది. లోపల లెక్కపెట్టుకుని చూసింది. ఇసుక సంచులు కాళ్లకి కట్టుకుంటే అడుగు కాస్త వెనకబడుతుందేమోనని అదీ చేసింది. ఎనభై రెండు వచ్చింది. సంచులు విప్పితే మళ్లీ డెబ్బై ఆరు.

“ఆగు అక్కా, ఆగి వెయ్యి,” అనేవాడు పానా పక్కన నిలబడి.

“ఆగుతూనే ఉన్నాను రా. ఆగాననుకుంటాను, చూస్తే అప్పటికే వేసేసి ఉంటాను.”

ఎనిమిదో రోజుకి ఎనభై ఆరు దాకా వచ్చింది. తొంభై మూడు ఇంకా ఆమడ దూరంలో ఉంది. అక్క సంచీ తీసుకుంటూ, “ఆరేళ్ల అలవాటు పదిరోజుల్లో పోతుందా? నీ స్క్రీను నా కొంప ముంచింది,” అంది. పానా తల వంచుకుని ఆ మాట పడ్డాడు. ఆ తిట్టు తనమీద ఉన్నంతవరకు ఆవిడమీద ఉండదు కదా అనుకున్నాడు. కానీ ఇంటికెళ్లాక అన్నం సహించేది కాదు.

పరీక్ష ముందురోజు లాండ్రీలో ఇద్దరు రాలేదు. రెండింటి షిఫ్టు అయ్యాక సూపర్‌వైజరు రాత్రి షిఫ్టు కూడా అక్క మీదే వేశాడు. కాదనాలని అక్కకి తోచను కూడా లేదు. పొద్దున్న ఆరింటికి గేటు బయటికి వచ్చి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, నేరుగా ఫిట్‌నెస్ సెంటరుకి వెళ్లింది. తొమ్మిదింటికి రమ్మంటే ఏడున్నరకే మెట్ల మీద ఉంది. ఎనిమిదిన్నరకి పానా వచ్చేసరికి గోడకి ఆనుకుని, కళ్లు తెరుచుకునే నిద్రపోతోంది. పాదాలు వాచి చెప్పుల అంచుల మీదుగా పొంగుతున్నాయి.

“ఇవాళ వద్దక్కా. ఇంకో రోజు అడుగుదాం.”

“ఇంకో రోజు ఎవరిస్తారు రా,” అని లేచింది.

మేడం అక్కని పైనుంచి కిందికి చూసి, పాట పెట్టింది. పానా పక్కనున్న చిన్న తెర దగ్గర నిలబడ్డాడు. అందులో అడుగు అడుగుకీ తేడా పడుతుంది. ముందు పన్నెండు, ముందు పదిహేను, ముందు పద్నాలుగు. అక్క మొహంలో ఏ కదలికా లేదు. చేతులు వేలాడుతున్నాయి. కాళ్లొక్కటే, ఎవరో బతిమాలి లేపుతున్నట్టు, బాణాల మీద పడుతున్నాయి. ఎనభై ఎనిమిది. ఏ.

పక్కనున్న కడ్డీని పట్టుకుని నిలబడిపోయింది. దగ్గు రాలేదు, దగ్గడానికి కూడా ఊపిరి లేదు. రెండోసారి ఆడింది. ముందు తొమ్మిది, ముందు ఎనిమిది. తొంభై ఒకటి.

పానాకి అప్పుడు అర్థమైంది. ఆవిడ బాగా ఆడటం లేదు. తొందరపడే ఓపిక అయిపోతోంది. ఇంత నీరసపడితే గానీ ఆ కాళ్లు లోకంతో పాటు నడవలేకపోయాయి. అది చూస్తూ నిలబడటం అతని వల్ల కాలేదు.

“చాలక్కా, దిగు. ఉద్యోగం లేకపోతే పీడా పోయె. దిగు!”

“ఇంకోటుంది కదా,” అంది అక్క, కళ్లు సగం మూసుకునే.

మూడోసారి పాట మొదలైంది. ముందు నాలుగు. ముందు రెండు. వెనక ఒకటి. ముందు ఒకటి. సున్నా. పానా చిన్న తెర వదిలేసి ఆవిడ పాదాలే చూశాడు. అంత నెమ్మదిగా, అంత మెత్తగా అక్క నడవడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎక్కడికీ వెళ్లక్కర్లేని మనిషి నడిచినట్టుంది. పాట ఆగాక కూడా ఆవిడ ఇంకో రెండడుగులు వేసింది, ఆగిందని తెలియక.

తొంభై నాలుగు. డబుల్ ఏ.

మేడం చప్పట్లు కొట్టలేదు. వెళ్లి అక్కని పలక మీద కూర్చోబెట్టి, మంచినీళ్ల సీసా చేతిలో పెట్టింది. “సోమవారం నుంచి రండి. తొమ్మిదింటికి. తొమ్మిదంటే తొమ్మిదికే, ఇలా ఏడున్నరకి కాదు,” అని పానా వైపు తిరిగి గొంతు తగ్గించి, “ముందు ఆవిణ్ణి నిద్రపోనివ్వండి,” అంది.

*

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అక్క కాసేపు వెనక్కి పోయే వీధుల్ని చూసింది.

“స్క్రీను కాదు కదరా?” అంది ఉన్నట్టుండి.

“ఏంటి?”

“లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు ఉంది. పచ్చలైటు వెలిగాక దుప్పటి అంచు పెట్టాలి. నేను లైటు వెలగకముందే పెట్టేస్తానని అవతలి ఆవిడ ఇరవయ్యేళ్లుగా తిడుతూనే ఉంది. అక్కడ ఏ స్క్రీను ఉందిరా? ఏ మెకానిక్కు మార్చాడు?”

“మరి ఇన్నాళ్లూ నన్నెందుకు తిట్టావు?”

“నువ్వు పడతానంటే నాకేం నొప్పి?” అని నవ్వింది. నవ్వుతూనే నీరసంగా తల వెనక్కి వాల్చింది. “ఎప్పుడూ ఆలస్యమైపోతున్నట్టు ఉంటుందిరా నాకు. ఏదో మూసేస్తారు, మనం బయటుండిపోతాం అన్నట్టు. వయసొచ్చాక పోతుందిలే అనుకున్నాను. పోలేదు.”

నావల్లే అక్కా అందామనుకున్నాడు. అంటే, ఆవిడ కాదంటుంది, కాదని ఓదార్చే పని కూడా ఆవిడ నెత్తినే పడుతుంది. అందుకని ఆవిడ సంచీ తన ఒళ్లోకి తీసుకున్నాడు.

“లాండ్రీ స్టాపులో లేపు. రెండింటికి షిఫ్టు. ముందే వెళ్లి మానేస్తున్నానని కూడా చెప్పాలి,” అంటూనే అక్క అతని భుజం మీదకి ఒరిగి నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. జుట్టులోంచి బ్లీచింగ్ వాసన వస్తోంది.

రెండు స్టాపులు గడిచాయి. లాండ్రీ పొగగొట్టం దూరంగా కనపడుతోంది. స్టాపు ఇంకా రాలేదు, కండక్టరు ఇంకా కేకేయలేదు. నిద్రలోనే అక్క కుడికాలు లేచింది, దిగడానికి.

పానా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, మెల్లగా కిందికి అదిమి పట్టుకున్నాడు. బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. తలుపు మూసుకుంది. అతను చెయ్యి తీయలేదు. బస్సు కదిలాక, ఆ కాలు బరువుగా, పూర్తిగా, నేలకి ఆనింది.